పంకా తాడు

పంటు దిగి, రేవు మెట్లెక్కి
"కోట ఎటండీ?" అంటే
చేపల తట్ట దించుకుంటున్న మనిషి
చేత్తో కాదు, గడ్డంతో చూపించాడు.

రాతికోటలు చూసొచ్చిన కళ్ళు నావి.
కొండ మీద కూర్చుని
ఊళ్ళను కిందికి చూసే గోడలకు అలవాటుపడ్డవి.
ఇక్కడ కొండేదీ?
రుబ్బురోలు కావాలన్నా
ఎగువ నుంచి పడవెక్కి రావాల్సిన చోటు.
గోదారి తెచ్చిపోసిన ఒండ్రునే
అచ్చు కొట్టి, ఆవంలో కాల్చి,
గానుగ సున్నంతో అతికించి
మెరకలంకలో ఒకాయన దాన్ని కోట అన్నాడు.
అందరూ అన్నారు.
సగం గోడలు ఊళ్ళోకి నడిచెళ్ళిపోయాక కూడా
అంటూనే ఉన్నారు.

దారిలో చూశాను వాటిని.
సోడాబండి జారకుండా చక్రం కింద ఒక ఇటుక,
కుడితి తొట్టి చుట్టూ కొన్ని,
సొసైటీ ఆఫీసు మెట్టుకి ఏడో ఎనిమిదో.
ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు,
చితికిన పెద్దింటి పిల్లల్లా
కాస్త సన్నగా, కాస్త వెడల్పుగా.

తాళం పల్లాలమ్మ దగ్గరుంటుంది.
"టేపు తెచ్చారా? ఆయ్, కొలుచుకోండి.
పోయినేడూ ఒకాయన కొలిచెళ్ళాడు.
మళ్ళీ కబురే లేదు."

దర్బారు గది పొడవు ఇరవై రెండడుగులు, వెడల్పు పదిహేను.
టేకు దూలాలకు గబ్బిలాల వాసన.
గోడ చుట్టూ బొడ్డెత్తున ఒక మట్టిచార.
"ఎనభయ్యారు వరదండి.
గోదారమ్మ మూడు రోజులు కూర్చుంది దర్బారులో.
పిలవకుండా లోపలికొచ్చింది
ఆవిడొక్కతేనండి."

తూర్పు గోడలో, కప్పుకి మూరెడు కిందగా
ఒక కన్నం.
పిచ్చుకలు చేసిందేమో అనుకుని
నిచ్చెనేసి కొలిచాను. రెండంగుళాలు.
లోపల ఇత్తడి గొట్టం,
దాని కింది పెదవి అరిగి అరిగి గాడి పడింది.
"అది మా తాతండి" అంది.

కన్నం తాత ఎలా అవుతుందో తెలియడానికి
నాకు కొంచెంసేపు పట్టింది.

అవతల వసారాలో కూర్చునేవాడట సూరన్న.
కాలి బొటనవేలికి తాడు.
లాగితే లోపల గుడ్డపంకా ఇటు,
వదిలితే అటు.
రోహిణి కార్తెలో పగలల్లా, సగం రాత్రీ.
ఆ గది ఎలా ఉంటుందో
ఒక్కసారీ చూడలేదు.

"అయినా అన్నీ తెలుసంటండి.
దొరగారు కోపంగా పడుకున్నారా,
పేకాటలో పోగొట్టి పడుకున్నారా,
కన్నంలోంచొచ్చే గురకని బట్టి చెప్పేవోడంట.
ఒకనాటి రాత్రి గురక ఆగిపోయింది.
ఎవరూ ఆపమన్లేదు కదా అని
తెల్లారేదాకా లాగుతానే ఉన్నాడు.
చచ్చినోడికి విసిరిన గాలికి
కూలిచ్చారో లేదో మరి,
మా నాయన చెప్పలేదండి."

ఇంతలో చీపురందుకుంది.
నేను నిచ్చెన దిగేలోగా
గది సగం ఊడ్చేసింది.
కన్నం కిందికి వచ్చినప్పుడు
తలెత్తుతుందేమోనని చూశాను.
"రోజూ చూసేదేనండి" అంది,
నేను అడగకుండానే.

ఆఖరి పంటు నాలుగున్నరకి.
మెట్ల మీద కూర్చుని పటం గీశాను.
దర్బారు వచ్చింది, రాణివాసం వచ్చింది,
గుర్రాల సావిడి పునాది
చుక్కల గీతగా వచ్చింది.
సూరన్న కూర్చున్న వసారా దగ్గరికొచ్చేసరికి
కాగితం అయిపోయింది.

కొలత తగ్గించి మళ్ళీ గీయొచ్చు.
గీస్తే గది చిన్నదవుతుంది.
ఆయన ఇంకా చిన్నవాడవుతాడు.

పల్లాలమ్మ
మనవడి నోట్సులోంచి రూళ్ళ కాగితం చింపిచ్చింది.
గంజి మెతుకు పెట్టి అతికించాను.

తిరుగు పంటులో, ఏటిగాలికి,
చుట్టిన పటంలోంచి బయటికొచ్చిన
ఆ ముక్క ఒక్కటే
ఇటూ అటూ ఊగుతూ వచ్చింది.